నీ బీము పగులు, మా ట్యాంకు గీత

ఒరేయ్ శీనూ,

కొత్తింటి బీముకు పగులొచ్చిందన్నవు, మేస్త్రేమో "సిమెంటు కద సార్, దానంతటదే పూడుకుంటది" అన్నడన్నవు, రాత్రంతా అదే ఆలోచనరా నాకు. ఫోన్ల చెప్తే సగం మర్చిపోతవని రాస్తున్న. మేస్త్రి అబద్ధం చెప్పలేదు, కానీ సగమే చెప్పిండు.

మా ఉప్పల్ ఇంటి మీద కాంక్రీట్ వాటర్ ట్యాంకు గుర్తుందా, దాని నీడల కూసొని పరీక్షలకు చదివినం. కట్టిన ఏడాదే అడుగున వెంట్రుకంత పగులొచ్చి చుక్కచుక్క కారేది, నాన్న ఖాళీ చెయ్యనియ్యలె, నింపుతనే ఉన్నడు, రెండు నెలలకు చూస్తే కారుడు బంద్. పగులు పొడుగునా ముగ్గేసినట్టు తెల్లటి గీత. గోరుతో గీకితే ఊడలె. కోసిన నిమ్మచెక్క రుద్దితే సన్నగ బుడగలొచ్చినయ్, అంటే గీజర్ల పేరుకునే తెల్లపెచ్చు అసుంటిదే, కాల్షియం కార్బోనేట్. సిమెంటుల ఉన్న సున్నం నీళ్ళల్ల కరిగి పగులు దాక వచ్చి కార్బన్ డయాక్సైడ్‌తోని కలిసి గట్టిపడ్డది. ఇది కొత్త ముచ్చటేం కాదు, ఫ్రెంచ్ సైన్స్ అకాడమీ 1836లనే గమనించింది. చార్మినార్ కట్టిన 1591 నాటి డంగు సున్నంల కూడా ఈ గుణం ఉంటది, తడి తగిలితే సున్నం కరిగి మళ్ళ గడ్డకడతది.

కానీ శీనూ, కారుడు ఆగుడు వేరు, బలం తిరిగొచ్చుడు వేరు. ఆ తెల్లపెచ్చు సందును పూడుస్తది, బరువు మొయ్యమంటే దాని వల్ల పెద్దగ కాదు. బలమిచ్చేది సిమెంటూ నీళ్ళూ కలిస్తే పుట్టే బంక. కాంక్రీటుల ప్రతి సిమెంటు రేణువు మొత్తం నానదు, నడుమ పచ్చిగనే మిగిలిపోతది, పగిలినచోట దానికి నీళ్ళు తగిలితే మళ్ళ బంకయితది. అందుకే లేత కాంక్రీటుకు పగులొచ్చి వెంటనే తడి దొరికితే బలం బాగనే తిరిగొస్తది, ముదిరినంక వస్తే ఎక్కువగ సున్నమే పేరుకుంటది. ఫ్లైయాష్, అంటే బొగ్గు కాలినంక మిగిలే సన్న బూడిద, కలిపిన సిమెంటు మెల్లగ పని చేస్తది కాబట్టి దానికి కొంచెం ఎక్కువ టైముంటది. ఏదైనా సరే 0.1, 0.2 మిల్లీమీటర్ల లోపు పగులైతేనే ఆశ, అదీ నీళ్ళుంటేనే. పొడిగ ఎండకు కాగే బీము ఎట్ల పూడుకుంటదిరా?

నెదర్లాండ్స్‌ల డెల్ఫ్ట్ యూనివర్సిటీ సైంటిస్టు హెంక్ యోంకర్స్ అయితే కాంక్రీటుల బ్యాక్టీరియానే కలిపిండు, చదివినప్పుడు నాకైతే ఒళ్ళు పులకరించింది. అది విత్తనం లెక్క నిద్రపోతది, పగుల్లకెల్లి నీళ్ళు పోతే లేస్తది, పక్కనే పెట్టిన కాల్షియం లాక్టేట్ తిని సున్నపురాయి కక్కుతది, 0.8 మిల్లీమీటర్ల దాక మూసేస్తది. ఎంత గొప్ప ఆలోచనో చూడు! అక్కడ కూడా నీళ్ళు ఆపుడే ముఖ్యమైన లాభం, చువ్వలు తుప్పు పట్టకుండ.

నీ బీముకైతే ముందు సిమెంటు పాలు పూయనియ్యకు, పగులు కనపడకుండ పోతది అంతే. క్రాక్ గేజ్‌తోని, అంటే పగులు వెడల్పు కొలిచే గీతల కార్డుతోని, వెడల్పు చూడు, మామూలు బీముకు మన దేశపు కాంక్రీటు కోడ్ ఐఎస్ 456 ల హద్దు 0.3 మిల్లీమీటర్లు. సన్న గాజుపట్టీ ఒకటి పగులుకు అడ్డంగ రెండు కొసలూ సిమెంటుతోని అతికి, మీద తారీఖు రాయి. గాజు పగిలిందంటే పగులు ఇంకా కదులుతున్నట్టే, కదిలే పగులు ఎన్నడూ పూడుకోదు, ఆగకుండ స్ట్రక్చరల్ ఇంజనీర్‌ను పిలువు. బీము నడుమ కిందికెల్లి నిలువుగ ఉందా, పిల్లర్ దగ్గర ఏటవాలుగ ఉందా అది కూడా చూసి చెప్పు, ఏటవాలుదైతే గాజు కోసం కూడా ఆగకు, కింద ప్రాపులు, అంటే బరువు మోసే ఆసరా గుంజలు, కొట్టించినంకనే నాకు ఫోన్ చెయ్యి. లేకున్నా ఆదివారం పొద్దున బస్సుకు నేనే వస్తున్న, గేజ్ కార్డు నా దగ్గరుంది.

నీ
రమేష్