కంప్యూటరు కొనే ముందు పాత పెన్‌డ్రైవు తీసి చూడండి

సంపాదకులకు నమస్కారం.

ఇంటికీ ఆఫీసుకూ ఏ కంప్యూటరు మేలన్న విషయమై మీ పత్రిక సాంకేతిక పేజీలో ఇటీవల వచ్చిన వ్యాసం చదివాను. ప్రాసెసరు, బ్యాటరీ, తెర, ధర అన్నింటికీ పట్టిక వేసి చూపించారు కాని, ఆ యంత్రం మీద తెలుగు పని ఎలా సాగుతుందన్న మాట అందులో ఒక్క చోట కూడా కనిపించలేదు. డాబాగార్డెన్స్‌లో ఇరవై రెండేళ్లుగా డీటీపీ, జాబ్ టైపింగ్ కేంద్రం నడుపుతున్నవాడిని. షాపులో విండోస్, ఇంట్లో మా అమ్మాయి మ్యాక్‌బుక్, మా నాన్నగారి కోసం విండోస్‌కు బదులు లైనక్స్ పెట్టిన పాత ల్యాప్‌టాప్, ఈ మూడింటితోనూ రోజూ వేగుతున్నాను కనుక ఆ లోటు గురించి రాయాలనిపించింది.

కిందటి శ్రావణంలో ఒక రాత్రి షాపు కట్టేశాక గోపాలపట్నం నుంచి పెళ్లివారు ఇంటికే వచ్చి, శుభలేఖలో ముహూర్తం ఒక్కటి మార్చి ఇమ్మని పెన్‌డ్రైవు చేతిలో పెట్టారు. ఆ వేళప్పుడు మళ్లీ షట్టరు ఎత్తడం దేనికని, అందులోని వర్డ్ ఫైలును అమ్మాయి మ్యాక్‌బుక్‌లో తెరిచాను. పైన ‘శ్రీరస్తు శుభమస్తు’ ఉండవలసిన చోట ఇంగ్లిషు అక్షరాలూ, నెత్తిన చుక్కలూ టోపీలూ పెట్టుకున్న ఏవో ఐరోపా అక్షరాలూ బారులు తీరి కనిపించాయి. పెళ్లికూతురి తండ్రి వెనక నుంచి తొంగిచూసి, ఫైలు పాడైపోయిందేమోనని గాభరాపడ్డారు. ఫైలు పాడు కాలేదు. చివరికి షట్టరు ఎత్తక తప్పలేదు.

ఇందులో మ్యాకు తప్పేమీ లేదని ముందుగా చెప్పాలి. అను, శ్రీలిపి వంటి పాత పద్ధతి ఫాంట్లలో టైపు చేసినప్పుడు కంప్యూటరు లోపల దాచుకునేది తెలుగు కాదు, ఇంగ్లిషు అక్షరాల సంకేతాలే. వాటికి తెలుగు వేషం వేసేది ఫాంటు. ఆ ఫాంటు లేని యంత్రంలోకి వెళ్లగానే వేషం ఊడిపోతుంది. ప్రపంచ భాషల అక్షరాలకు తలో సంఖ్య కేటాయించే యూనికోడ్ సంగతి అలా కాదు. అందులో తెలుగుకు విడిగా 128 స్థానాల పట్టిక ఉంది, ‘క’ అనే అక్షరానికి విండోస్‌లోనూ మ్యాకులోనూ లైనక్స్‌లోనూ, చేతిలోని ఫోనులోనూ ఒకటే సంఖ్య. యూనికోడ్‌లో రాసుకున్నవాడికి ఏ యంత్రమైనా సొంత ఇల్లే. పాత ఫాంట్లలో రాసుకున్న మాలాంటివాళ్లం మాత్రం అద్దె ఇంట్లో ఉన్నట్టే లెక్క, కాకపోతే ఆ సంగతి ఇల్లు మారేరోజు వచ్చేదాకా తెలియదు.

మా వృత్తి పరిస్థితి మరీ విచిత్రం. పేజీలు కట్టే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌ను అడోబీ కంపెనీ 2004లోనే ఆపేసినా, దానికి యూనికోడ్ అసలు తెలియకపోయినా, శుభలేఖలూ కరపత్రాలూ ఇప్పటికీ అందులోనే కట్టే షాపులు ఊళ్లో ఉన్నాయి, మాదీ అందులో ఒకటి. కొత్త పనులు అదే కంపెనీ ఇన్‌డిజైన్‌కు మార్చుకుంటున్నాం కాని, అక్కడ పేరాగ్రాఫు అమరికల్లో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోవడం మరిచిపోతే ఒత్తులు అక్షరాన్ని వదిలేసి పక్కకు వచ్చి నిలబడతాయి. మేం విండోస్‌ను వదలకపోవడానికి కారణం దాని మీది మోజు కాదు, ఇరవై రెండేళ్ల పాత ఫైళ్లు.

ఇంకో చిక్కు కూడా చూశాను. మా వాళ్లు టైపింగులో ‘యాపిల్ కీబోర్డు’ అనేది ఏ మీట మీద ఏ తెలుగు అక్షరం ఉంటుందో చెప్పే ఒక లేఅవుట్ పేరు. ఆ పేరును నమ్మి మ్యాకులో అదే దొరుకుతుందనుకున్న కుర్రాళ్లు ఉన్నారు. మ్యాకు తనతో తెచ్చే తెలుగు కీబోర్డులు వేరు, వేళ్లకు మళ్లీ అక్షరాభ్యాసం చేయించాలి.

ఆఫీసు పని దగ్గరకు వస్తే గాజువాక ఆటోనగర్‌లో చిన్న లేత్ వర్క్స్ నడిపే మా తోడల్లుడి అనుభవం చెప్పాలి. ఆయన ఒక దుకాణంలో ‘ఇందులో అన్నీ నడుస్తాయి’ అన్న సేల్స్‌మన్ మాట పట్టుకుని మంచి మ్యాక్‌బుక్ కొన్నాడు. లెక్కలు రాసే అబ్బాయి వచ్చి ట్యాలీ ఎక్కించబోతే, అది విండోస్ కోసం చేసిన సాఫ్ట్‌వేర్ అని అప్పుడు తెలిసింది. ఇంటెల్ చిప్పులున్న పాత మ్యాకుల్లో విండోస్‌ను నేరుగా పెట్టుకునే వీలుండేది. 2020 చివరి నుంచి యాపిల్ సొంత ఎం శ్రేణి చిప్పులకు మారాక ఆ దారి మూసుకుపోయింది. మధ్యలో మరో సాఫ్ట్‌వేర్ కొని దాని లోపల విండోస్ నడిపించవచ్చు కాని దాని ఖర్చు వేరు, పైగా రిటర్నుల మీద డిజిటల్ సంతకం చేసే యూఎస్‌బీ టోకెన్ అందులో పలుకుతుందో లేదో ముందే కనుక్కోవాలి. ఇప్పుడు ఆ మ్యాక్‌బుక్ మీద పిల్లలు చదువుకుంటున్నారు, వర్క్స్‌లో బల్ల మీదికి మామూలు విండోస్ డెస్క్‌టాప్ వచ్చింది. రెండు ఖర్చులూ ఆయనవే.

అలాగని మ్యాకును తీసిపారేయలేను. వీడియోలు కూర్చే మా అమ్మాయి పనికి అది చక్కగా సరిపోతుంది, అందులో యూనికోడ్ తెలుగు కంటికి ఇంపుగా ఉంటుంది, బ్యాటరీ సంగతి మీ వ్యాసంలో రాసినదంతా నిజమే. నా బెంగ మరొకటి. సముద్రం నుంచి వచ్చే ఉప్పు గాలికి ఈ ఊళ్లో కిటికీ ఊచలే ఆగవు, యూఎస్‌బీ పోర్టులు ఎంత? బీచ్ రోడ్డు వైపు ఇళ్ల నుంచి మరమ్మతుకు వచ్చే డెస్క్‌టాపుల్లో ర్యామ్ కాళ్లు నల్లబడి ఉంటే రబ్బరుతో తుడిచి మళ్లీ బిగిస్తే లేచి కూర్చున్నవి ఎన్నో చూశాను. ర్యామ్ విడిగా ఊడిరాని ల్యాప్‌టాపుల్లో, అవి మ్యాకులైనా పల్చటి విండోస్ ల్యాప్‌టాపులైనా, ఆ రబ్బరు వైద్యం కుదరదు.

విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మామూలు సహకారం ముగిసింది. పేరు నమోదు చేసుకున్న ఇంటి వినియోగదారులకు భద్రతా అప్‌డేట్లు మరో ఏడాది పొడిగించారు. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, ఇంటెల్ అయితే దాదాపు ఎనిమిదో తరం ప్రాసెసరు ఉండాలి. అవి లేవని చెప్పి బాగా పనిచేసే పెట్టెలను పాతసామాన్లకు వేస్తున్నవారిని చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది. నాన్నగారి ల్యాప్‌టాప్ అలాంటిదే. అందులో లైనక్స్‌లో ఒక రకమైన ఉబుంటు 24.04 ఎక్కించాను, దానికి 2029 దాకా ఉచితంగా అప్‌డేట్లు వస్తాయి. ఆయన పొద్దున్నే మీ పత్రికతో సహా నాలుగు పేపర్లు అందులోనే చదువుతారు, అక్షరాలు పెద్దవి చేసుకోవడం తనే నేర్చుకున్నారు. వెనక విండోస్ ఉందో లైనక్స్ ఉందో ఆయనకు పట్టదు. షాపులో మాత్రం దాన్ని నమ్ముకోలేకపోయాను. మా పాత లేజర్ ప్రింటరు దానితో మాట్లాడలేదు, వర్డ్‌లో తయారైన అఫిడవిట్టును దానికి బదులు అందులో వాడే లిబ్రెఆఫీస్‌లో తెరిస్తే అప్పుడప్పుడు చివరి రెండు పంక్తులు తరువాతి పేజీలోకి జారతాయి, సంతకం ఒంటరిగా కింద పేజీకి పోతే ప్లీడరు గుమాస్తా ఊరుకోడు.

అందుచేత నా మనవి ఒక్కటే. ఈసారి మీ పట్టిక వేసేటప్పుడు అందులో మరికొన్ని గడులు గీయించండి. పాత ఫాంటులోని తెలుగు ఫైలు ఆ యంత్రంలో చదవడానికి వచ్చిందా, ట్యాలీ ఎక్కిందా, సంతకం టోకెన్ పట్టిందా, ఇంట్లో ఉన్న ప్రింటరు కదిలిందా, మరమ్మతు మన ఊళ్లో అవుతుందా అన్నవి మీ విలేకరే ఒక రోజు కూర్చుని పరీక్షించి రాస్తే, ఎన్ని గిగాహెర్ట్జులో చెప్పడం కంటే పాఠకులకు ఎక్కువ ఉపయోగం. పరీక్షకు పాత ఫైళ్లు కావాలంటే మా షాపులో కావలసినన్ని ఉన్నాయి.

ఈ ఉత్తరాన్ని యూనికోడ్‌లోనే టైపు చేసి పంపుతున్నాను. మీ డెస్కు మీద ఏ సిస్టం ఉన్నా తెరుచుకోవాలి.

ఇట్లు,
ఒక డీటీపీ కేంద్రం నిర్వాహకుడు,
డాబాగార్డెన్స్, విశాఖపట్నం