అమెరికాలో ఆరేళ్లు కట్టిన సొమ్ము ఎవరికి?

సంపాదకులకు నమస్కారం.

హెచ్‌-1బీ లాటరీ, ఫీజులు, గ్రీన్‌కార్డు క్యూ గురించి పత్రికల్లో తరచూ వార్తలొస్తాయి. అదే వీసా మీద వెళ్లినవాళ్ల జీతంలోంచి అమెరికా పింఛను నిధికి కోతపడే సోషల్‌ సెక్యూరిటీ పన్ను ఊసు మాత్రం ఎక్కడా కనబడదు.

మా చెల్లెలి కొడుకు 2009లో హైదరాబాదులో ఉద్యోగంలో చేరి ఆరేళ్లు చేశాడు, తర్వాత ఆరేళ్లు టెక్సస్‌లో. తండ్రికి ఒంట్లో బాగుండక తిరిగొచ్చి సొంత వ్యాపారం పెట్టుకున్నాడు. వాడి డబ్ల్యూ-2 ఫారంలో (ఏడాది జీతం, పన్ను కోతలు చూపే పత్రం) ఆ పన్ను చూపే నాలుగో గడి చూస్తే కడుపు తరుక్కుపోయింది. ఆ పన్ను జీతంలో 6.2 శాతం, యజమాని వాటా మరో 6.2. ఏడాదికి లక్ష డాలర్ల జీతమనుకున్నా, ఆరేళ్లలో రెండు వాటాలూ కలిపి 74,400 డాలర్లు. మెడికేర్‌ (వృద్ధుల ఆరోగ్య బీమా) కోత వేరే. పింఛనుకు 40 క్రెడిట్లు (పన్ను కట్టిన సంపాదన మీద లెక్కగట్టే పాయింట్లు) కావాలి, ఏడాదికి నాలుగే వస్తాయి. వాడివి 24. మళ్లీ వెళ్లి మిగతావి సంపాదిస్తే తప్ప పింఛను రాదు, కట్టింది వెనక్కీ ఇవ్వరు. పోనీ ఇక్కడో? ఈపీఎస్‌ (పీఎఫ్‌తో పాటు ఉండే ఉద్యోగుల పింఛను పథకం) పింఛనుకూ పదేళ్ల సర్వీసు ఉండాల్సిందే. కాకపోతే ఆ సొమ్ము వెనక్కి తీసుకోవచ్చు, అంతే. పన్నెండేళ్ల ఉద్యోగానికి రెండుచోట్లా పింఛను సున్నా!

జర్మనీలో చేసి ఉంటే ఈ గతి పట్టేది కాదు. 2017 నుంచి అమల్లో ఉన్న ఒప్పందం ప్రకారం రెండు దేశాల సర్వీసూ కలిపి అర్హత చూస్తారు, ఎవరి వంతు పింఛను వాళ్లిస్తారు. కెనడా, జపాన్‌, ఆస్ట్రేలియాలతోనూ మనకు ఒప్పందాలున్నాయి. అమెరికాతో మాత్రం లేదు. (గల్ఫ్‌ మాట ఎత్తితే ఈ ఉత్తరం చాలదు. అక్కడి మనవాళ్ల కోసం 2012లో కేంద్రం తెచ్చిన పింఛను పథకాన్ని 2017లో ఎత్తేశారు.)

ఒప్పందమంటే అన్నీ ఒకటి కావు. కంపెనీ తరఫున తాత్కాలికంగా వెళ్లినవాళ్లకు అక్కడి సోషల్‌ సెక్యూరిటీ చందా మినహాయించడం ఒక రకం. 2025లో బ్రిటన్‌తో వాణిజ్య ఒప్పందంతో పాటు కుదిరింది అదే. దానివల్ల ముందుగా మిగిలేది కంపెనీలకు. అక్కడి కంపెనీలోనే చేరిన మా వాడిలాంటివాళ్లకు కావాల్సింది సర్వీసు కలిపే టోటలైజేషన్‌ ఒప్పందం. అదుంటే అమెరికాలో ఏడాదిన్నర చేసినవాళ్లకు కూడా ఇక్కడి సర్వీసు కలిసి అర్హత వస్తే, చేసిన కాలానికి తగ్గ పింఛను వస్తుంది.

మీ పీఎఫ్‌ దేశంలో అందరికీ వర్తించదు కదా అన్నది అమెరికా అభ్యంతరం. తీసిపారేయాల్సిన మాటేం కాదు, 20 మంది లోపు సంస్థలకు ఇక్కడ పీఎఫ్‌ తప్పనిసరి కాదు మరి. కానీ జర్మనీకి, కెనడాకు అడ్డురానిది అమెరికాకే ఎందుకు అడ్డు? గట్టిగా అడగాల్సింది మన కేంద్ర ప్రభుత్వమే. వీసాల మీద వినతిపత్రాలిచ్చే తెలుగు ఎంపీలు ఈ అంశమూ చేర్చాలి. వాణిజ్య చర్చల్లో చందా మినహాయింపుతోనే సరిపెట్టుకోనివ్వకూడదు.

ఈలోగా తిరిగొచ్చేవాళ్లకు ఒక మాట: డబ్ల్యూ-2 కాగితాలు, సోషల్‌ సెక్యూరిటీ నంబరు, ఇక్కడి పీఎఫ్‌ వివరాలు జాగ్రత్త చేసుకోండి. ఇలాంటి ఒప్పందాల్లో మామూలుగా పాత సర్వీసునూ లెక్కలోకి తీసుకుంటారు.

— ఒక విశ్రాంత అకౌంటెంట్‌, హనుమకొండ