పాఠకుల గోప్యతను గ్రంథాలయాలు కాపాడాలి

సంపాదకులకు నమస్కారాలు.

గుంటూరు జిల్లా శాఖా గ్రంథాలయాల్లో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి రిటైరైనదాన్ని. కొంతకాలంగా అమెరికాలోని డెన్వర్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. ఇక్కడి పబ్లిక్ లైబ్రరీ నుంచి తెచ్చుకుని చదివిన ఒక నవల, మన గ్రంథాలయాల్లో ఏళ్ళ తరబడి సాగుతున్న ఒక పొరపాటును నాకు గుర్తుచేసింది. ఆ పొరపాటులో నా పాలు కూడా ఉంది కాబట్టి ఈ లేఖ రాస్తున్నాను.

ఆ నవల ఇద్దరు కౌబాయ్‌ల ప్రేమకథ. ఇద్దరూ మగవాళ్ళే. ఈ కోవ నవలలు ఇక్కడ చాలా వస్తాయి, వాటి నడక ఇంచుమించు ఒకటే. పశువుల మధ్య పుట్టి పెరిగి, గిత్త మీద స్వారీలో పేరు తెచ్చుకున్న మనిషి ఒకడు ఉంటాడు. తన మనసు ఎటు మొగ్గుతున్నదో చిన్న వయసులోనే తెలిసినా తండ్రికీ చర్చికీ ఊరికీ వెరచి ఏళ్ళ తరబడి దాచుకుంటాడు. అతని సిగ్గు ఎలా పుట్టిందో, ఎలా కరిగిందో చెప్పడమే కథ. నేను చదివినదాంట్లో నాయకుడు దాణా కొట్టు ముందు బస్తా ఎత్తుతుండగా తాను ప్రేమించినవాడి భుజం తగులుతుంది. ఎవరైనా చూశారా అని అతను వెంటనే వెనక్కి తిరిగి చూస్తాడు. ఆ వాక్యం దగ్గర నేను పుస్తకం మూసేశాను. ఆ చూపు నాకు కొత్త కాదు.

2009 జులైలో ఢిల్లీ హైకోర్టు స్వలింగ సంబంధాలు నేరం కావని తీర్పు చెప్పినప్పుడు మా గ్రంథాలయానికి వచ్చే ఒక వారపత్రిక దాని మీద పెద్ద వ్యాసం వేసింది. డిగ్రీ చదివే ఒక అబ్బాయి వరుసగా నాలుగు రోజులు వచ్చి, చివరి బీరువాల మధ్య నిలబడి ఆ సంచికే చదివాడు. వ్యాసం ఉన్న పేజీకి మూల మడిచి ఉండడం నేను చూశాను. మేలు చేస్తున్నాననుకుని, "ఇంటికి తీసుకెళ్ళు బాబూ, సోమవారం తెచ్చివ్వు" అని నలుగురిలో గట్టిగానే అని, ఇష్యూ రిజిస్టరు అతని ముందుకు జరిపాను. అతను రిజిస్టరు వంక చూశాడు, తర్వాత దినపత్రికలు చదువుకుంటున్న పెద్దవాళ్ళ వంక చూశాడు, "వద్దండీ" అని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. మన రిజిస్టరులో సభ్యుడి పేరు, పుస్తకం పేరు, సంతకం పక్కపక్కనే ఉంటాయి. తర్వాత వచ్చే ప్రతి చందాదారూ తన సంతకం పెట్టేముందు పై వరసలన్నీ చదువుతాడు. ఊళ్ళో అందరూ అందరికీ తెలిసినవాళ్ళే అయినప్పుడు ఆ కాగితం ఏం చేయగలదో నాకు ఆనాడు తట్టలేదు.

కౌబాయ్ అనగానే మన తరానికి 1971లో వచ్చిన కృష్ణ గారి 'మోసగాళ్ళకు మోసగాడు' గుర్తొస్తుంది. టోపీ, గుర్రం, తుపాకీ, దేనికీ తల వంచని మగతనం: ఆ బొమ్మ మనకు సినిమా ఇచ్చింది. అసలు కౌబాయ్‌లు నెల జీతానికి పశువులను తోలిన కూలీలు. 1865లో అంతర్యుద్ధం ముగిశాక టెక్సస్ నుంచి కాన్సస్ రైల్వే స్టేషన్ల దాకా మందలను నెలల తరబడి నడిపించారు. ఆడవాళ్ళు అరుదుగా కనిపించే ఆ బతుకులో ఒకరికొకరు తోడుగా గడిపారు. పశ్చిమ ప్రాంతపు పశుపాలకుల్లో, కాపరుల్లో, కలప కొట్టేవాళ్ళలో మగవాళ్ళ మధ్య శారీరక సంబంధాలు ఉన్నాయని, మనుషుల లైంగిక ప్రవర్తనను పరిశోధించిన అమెరికా శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ కిన్సే 1948లో ప్రకటించిన నివేదికలోనే రాశారు. కాబట్టి ఈ నవలలు అక్కడి జీవితంలో లేనిదాన్ని బయటి నుంచి తెచ్చి అంటించినవి కావు.

అవి గొప్ప సాహిత్యమని నేను అనను. కొన్నింటిలో భాష పేలవంగా ఉంటుంది, కొన్ని సన్నివేశాలు నేను పేజీలు తిప్పేసి దాటాను. అయితే రొమాన్స్ నవలకు సుఖాంతం తప్పనిసరి నియమం. స్వలింగ ప్రేమికుల కథ అంటే చావుతోనో, ఇష్టం లేని పెళ్ళి చేసుకుని మరో ఆడపిల్ల బతుకు కూడా చీకటి చేయడంతోనో ముగియాలనే అలవాటుకు ఈ నియమం అడ్డు నిలుస్తుంది. మన దగ్గర "పెళ్ళి చేస్తే అంతా సర్దుకుంటుంది" అనే మాట వల్ల రెండు జీవితాలు ఎలా నలిగిపోతాయో తెలియని బంధువర్గం ఉంటుందనుకోను.

ఈ సిగ్గు ప్రాణాల మీదికి తెచ్చే సంగతి. డెన్వర్‌కు ఉత్తరాన ఉన్న వయోమింగ్ రాష్ట్రంలో, లారమీ పట్టణంలో, 1998 అక్టోబరులో మాథ్యూ షెపర్డ్ అనే 21 ఏళ్ళ గే విద్యార్థిని చావగొట్టి కంచెకు కట్టి వదిలేశారు. కౌబాయ్ రాష్ట్రమని గర్వంగా చెప్పుకునే చోటే అది జరిగింది. అదే పశ్చిమ ప్రాంతంలో, నెవాడాలోని రీనోలో, 1976 నుంచే గే రోడియోలు మొదలయ్యాయి. 1985లో వాటికి అంతర్జాతీయ సంఘం కూడా ఏర్పడింది. గిత్తల స్వారీ, తాడు విసిరి దూడను పట్టడం వంటి పోటీల్లో తమకూ చోటుందని వాళ్ళు నిరూపించుకున్నారు.

ఇంకొక తండ్రి మాట చెప్పకుండా ముందుకు పోలేను. 1973లో కంట్రీ సంగీతంలో తొలి గే ఆల్బమ్‌గా పేరొందిన పాటలు చేసిన ప్యాట్రిక్ హ్యాగర్టీ, వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక పాడి రైతు కొడుకు. బడిలో పోటీ కోసం ముఖానికి మెరుపులు పూసుకున్న రోజున, పేడ అంటిన బట్టలతో బడికి వచ్చిన తండ్రిని చూసి ఆయన దాక్కున్నాడు. ఇంటికి వెళ్ళే దారిలో తండ్రి ఆ సంగతి ఎత్తి, పెద్దయ్యాక ఎవరితో తిరిగినా దొంగచాటుగా మాత్రం తిరగవద్దనీ, దొంగచాటుగా తిరిగితే తప్పు చేస్తున్నానని నీకు నువ్వే ఒప్పుకున్నట్టవుతుందనీ, అలా బతికితే ఆత్మ పాడైపోతుందనీ చెప్పాడట. 1950ల చివర్లో ఒక పాడి రైతు చెప్పిన మాట ఇది. హ్యాగర్టీ 2022లో మరణించేదాకా దాన్ని తలచుకుంటూనే ఉన్నాడు.

అటువంటి తండ్రి అందరికీ దొరకడు. దొరకనివాళ్ళకు పుస్తకం ఉండాలి, ఆ పుస్తకాన్ని దొంగచాటుగా చదవవలసిన అవసరం ఉండకూడదు. డెన్వర్‌లో నేను తెచ్చుకున్న నవల వేరే మూలన లేదు, తాళం వేసిన బీరువాలోనూ లేదు. మిగతా ప్రేమ నవలల మధ్యే, రచయిత ఇంటిపేరు అక్షర క్రమంలో ఉంది. యంత్రం మీద పుస్తకం పెట్టి కార్డు చూపిస్తే ఇష్యూ అయిపోయింది. ఏం తీసుకున్నానో ఎవరూ చూడలేదు. ఎవరు ఏ పుస్తకం తీసుకున్నారన్న వివరాన్ని, పాఠకుడి సమ్మతి, కోర్టు ఉత్తర్వు వంటి కొద్ది మినహాయింపులు తప్ప, బయటపెట్టకూడదని కొలరాడోలో చట్టమే ఉంది.

మన దేశంలోనూ గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది, లైంగిక మొగ్గు కూడా ఆ హక్కు పరిధిలోదేనని చెప్పింది. 2018 సెప్టెంబరు 6న స్వలింగ ప్రేమ నేరం కాదని తీర్పు వచ్చింది. లైంగిక మొగ్గును మార్చేస్తామనే 'మార్పిడి చికిత్స'ల పేరుతో మనుషులను హింసించడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని 2022లో జాతీయ వైద్య కమిషన్ ప్రకటించింది. మన రిజిస్టరు మాత్రం బల్ల మీద తెరిచే ఉంది.

పిల్లలు చెడిపోతారని అభ్యంతరం చెప్పేవారు ఇక్కడా ఉన్నారు. వయోమింగ్‌లోని జిల్లెట్ పట్టణంలో, యువత కోసం ఉన్న కొన్ని పుస్తకాలను తీసివేయడానికి ఒప్పుకోనందుకు గ్రంథాలయ డైరెక్టర్ టెర్రీ లెస్లీని 2023 జులైలో ఉద్యోగం నుంచి తొలగించారు. ఆమె కోర్టుకు వెళ్ళారు. 2025లో ఏడు లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. వయసును బట్టి పుస్తకాలను వేర్వేరు విభాగాల్లో అమర్చడం గ్రంథపాలకుల పనే, అది మాకు చేతనవును. పెద్దవాళ్ళకు ఉద్దేశించిన పుస్తకాన్ని పెద్దవాళ్ళకు కూడా దొరకకుండా చేయడం వేరు.

1935లో గ్రంథాలయోద్యమ నాయకులు పాతూరి నాగభూషణం గారు గుంటూరు జిల్లా కాలువల్లో పడవల మీద పుస్తకాలు పంపించారు, చదివేవాడు రాలేకపోతే పుస్తకమే వెళ్ళాలన్న పట్టుదలతో. ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కట్టే కుటుంబాల్లో ఆ డిగ్రీ కుర్రవాడి కుటుంబం కూడా ఒకటి. కాబట్టి రెండు తెలుగు రాష్ట్రాల గ్రంథాలయ శాఖలను నేను కోరేవి ఇవి. ఇష్యూ రిజిస్టరు స్థానంలో సభ్యుడికి విడిగా ఒక కార్డు పెట్టాలి. పుస్తకం తిరిగి వచ్చాక ఆ పద్దు కొట్టివేయాలి. సిబ్బంది శిక్షణలో పాఠకుడి గోప్యతను ఒక పాఠంగా చేర్చాలి. ఇందుకు పెద్దగా ఖర్చేమీ కాదు. అలాగే ఈ ఏడాది కొనుగోలు జాబితా తయారుచేసేవారు, స్వలింగ ప్రేమికుల జీవితాలను గౌరవంగా చెప్పే నవలలను, అనువాదాలను, అందులో ఒకటి రెండు సుఖాంతాలను చేర్చి, వాటిని చివరి బీరువాలో కాకుండా మిగతా నవలల మధ్యే ఉంచాలని మనవి.

ఇట్లు,
ఒక విశ్రాంత గ్రంథపాలకురాలు,
తెనాలి (ప్రస్తుతం డెన్వర్, కొలరాడో)