నమ్మకం పెద్దలది, ప్రాణం పిల్లలది

సంపాదకులకు నమస్కారం.

పిల్లలను ఏ మతంలో, ఏ నమ్మకాలతో పెంచాలన్నది పూర్తిగా తల్లిదండ్రుల ఇష్టమనీ, అందులో అధికారులు తలదూర్చడం దౌర్జన్యమనీ ఒక పాఠకుడు రాసిన లేఖను మీ పత్రికలో చదివాను. అందులో సగాన్ని నేను ఒప్పుకుంటాను. మిగతా సగం గురించి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడిగా కొంత చెప్పవలసి ఉంది.

నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగలో స్వర్ణాల చెరువులో దిగి బిడ్డ కోసం చదువు రొట్టె పట్టుకునే తల్లిని నీది ఏ మతమని అడిగేవారు లేరు. పెంచలకోనలో తలనీలాలు తీయించినా, చర్చికి తీసుకెళ్లినా, ఖురాన్ చదివించినా అది ఆ ఇంటి వ్యవహారం. కేరళలో యెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖకు చెందిన కుటుంబంలోని ముగ్గురు పిల్లలు జాతీయ గీతం వేళ అందరితో పాటు లేచి నిలబడ్డారు గాని తమ మత నమ్మకం ప్రకారం గొంతు కలపలేదు. అందుకని 1985లో వారిని బడి నుంచి పంపేస్తే, తిరిగి చేర్చుకోవాలని 1986లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ తీర్పు రాసినవారు మన తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. ఆ పిల్లల మౌనం వల్ల వారికి గాని, పక్కవారికి గాని వచ్చిన నష్టమేమీ లేదు.

నేను పనిచేసిన ఊళ్లో ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె రోజూ ఇన్సులిన్ సూది వేయించుకుంటే తప్ప బతకలేని చక్కెర వ్యాధితో ఉండేది. ఇంట్లోవారు మొక్కుకుని సూది మాన్పించారు. వారిది ఏ మతమో రాయను, ఎందుకంటే ఇలాంటి పని మూడు మతాలవాళ్లూ చేయగా చూశాను. తండ్రి కఠినుడు కాడు. సూదిపోట్లతో బిడ్డ తొడలు గట్టిపడిపోయాయని కళ్లనీళ్లు పెట్టుకునే మనిషి. మూడో రోజుకు ఆ పిల్లకు వాంతులు, ఆయాసం, మగత మొదలయ్యాయి. నేను ఒక కార్యాలయానికి ఫోన్ చేస్తే అది తమ పని కాదు, పోలీసులకు చెప్పుకోమన్నారు. పోలీసులు వస్తే ఊరంతా ఆ తండ్రి వైపు నిలబడుతుందని నాకు తెలుసు. చివరకు ఏఎన్ఎమ్మూ, పిల్ల మేనమామా వెళ్లారు. ‘మొక్కు మొక్కుగానే ఉండనీ బావా, సూది మాత్రం వేయిద్దాం’ అని ఆయన నచ్చజెప్పి, ఆటోలో ఆస్పత్రికి చేర్చాడు. పిల్ల బతికింది.

ఆ మేనమామ లేకపోతే ఏమయ్యేది? రాజ్యాంగం 25వ అధికరణం మత స్వేచ్ఛను ప్రజాశాంతికి, నైతికతకు, ఆరోగ్యానికి లోబడే ఇచ్చింది. ఇంట్లో నేర్చిన నమ్మకాన్ని ఆ అమ్మాయి పెద్దయ్యాక నిలుపుకోవచ్చు, వదులుకోవచ్చు. పోయిన ప్రాణాన్ని, ఆగిన చదువును, పదిహేనేళ్లకే చేసిన పెళ్లిని మాత్రం వెనక్కి తెచ్చుకోలేదు. చిత్తూరు వైపు జబ్బు నయమైతే చాలని ఆడపిల్లను మాతమ్మ దేవతకు అంకితమిచ్చి వదిలిన తల్లిదండ్రులు కూడా బిడ్డ మేలు కోరే ఆ పని చేశారు. అయినా అలాంటి సమర్పణ నేరమని 1988లోనే మన రాష్ట్రం చట్టం చేసింది.

అయితే ప్రభుత్వం చేయి ఆ నష్టాన్ని ఆపేవరకే చాలు. సూది వేయించడానికి బిడ్డను తల్లి నుంచి విడదీయనక్కరలేదు, ఆస్పత్రి మంచం పక్కన తల్లిని కూర్చోనివ్వవచ్చు. సంరక్షణ అవసరమైన బిడ్డను 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందుకు తేవాలన్న 2015 నాటి బాలల న్యాయ చట్టమే, బిడ్డను ఇంటికి దూరంగా బాలల హోంలో ఉంచడం చిట్టచివరి మార్గమనీ చెబుతోంది. ఈ రెండో మాట కింది ఉద్యోగులకు అంతగా గుర్తుండదు. పైగా పేదల గుడిసె ముందు గుర్తొచ్చే చట్టం పెద్దిళ్ల ముందు గుర్తురాదు. బిడ్డకు పచ్చకామెర్లు వస్తే నాటు పసరుతో సరిపెట్టిన మేడ ఇంటి గడప తొక్కిన అధికారిని నా సర్వీసులో చూడలేదు.

ఉదయగిరి, సీతారామపురం మండలాల కూలివాడు నెల్లూరు వెళ్లి తన మాట చెప్పుకోవాలంటే ఒక రోజు కూలి పోతుంది. అందువల్ల బాలల సంక్షేమ కమిటీ నెలకొకసారైనా ఆత్మకూరు లాంటి చోట కూర్చుని తల్లిదండ్రుల వాదన వినాలనీ, ఇచ్చే ఉత్తర్వును కారణాలతో సహా తెలుగులో రాసి వారి చేతికి ఇవ్వాలనీ, ప్రతి బడి గోడ మీద ఆపదలో ఉన్న పిల్లల కోసం ఫోన్ చేసే 1098 నంబరు రాయించాలనీ జిల్లా అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
ఆత్మకూరు, నెల్లూరు జిల్లా