కొండకూ కడలికీ ఒకే రంగా?

సంపాదకుడు గారికి,

నమస్కారం. ఈమధ్య మీ పత్రికలో వచ్చిన వసంతకాలపు వాతావరణ అంచనా చదివాను. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క ఎత్తైన కొండలు ఉన్న ప్రాంతం గురించి రాశారు. మ్యాపు మొత్తానికి ఒకటే ముదురు నారింజ రంగు పూశారు. పైన పెద్ద అక్షరాల్లో ‘ఈసారి ఎండలు ఎక్కువే’ అని శీర్షిక. చివరి పేరాలో మాత్రం, ఉష్ణోగ్రత సాధారణం కంటే ఎక్కువగా ఉండే అవకాశం 45 శాతం అని ఉంది. శీర్షిక చూసి పేజీ తిప్పేసినవాళ్లు ఒక వార్త చదివారు, ఆఖరిదాకా చదివినవాళ్లు ఇంకో వార్త చదివారు.

ముందు ఆ 45 సంగతి. సీజన్ మొత్తానికి ఇచ్చే అంచనాల్లో సాధారణంగా ఒక 30 ఏళ్ల లెక్కలు (ఇప్పుడు చాలాచోట్ల 1991 నుంచి 2020 వరకు) తీసుకుని మూడు సమాన భాగాలు చేస్తారు. చల్లగా గడిచిన పదేళ్లు, మధ్యరకంగా గడిచిన పదేళ్లు, వేడిగా గడిచిన పదేళ్లు. ఏమీ తెలియకుండా చెప్పాలంటే ఒక్కోదానికి 33 శాతం అవకాశం ఇవ్వాలి. 45 అంటే వేడి వైపు కాస్త మొగ్గు ఉందని. మిగతా 55 మధ్యరకానికీ చలికీ కలిపి. ఎంత వేడి అన్నది ఈ లెక్కలో లేనే లేదు. అర డిగ్రీ పెరిగినా, మూడు డిగ్రీలు పెరిగినా ‘ఎక్కువ’ కిందకే వస్తుంది. ఇలాంటి మ్యాపులో రంగు ముదిరిందంటే అవకాశం పెరిగిందని అర్థం. చూసేవాళ్లేమో అక్కడ నిప్పులు కురుస్తాయనుకుని టెన్షన్ పడతారు.

నా అసలు ఫిర్యాదు కొండల గురించి. సముద్రం నేలలా త్వరగా వేడెక్కదు. వసంతంలో నేల కాగుతున్నా నీళ్లలో శీతాకాలపు చలి ఇంకా మిగిలే ఉంటుంది. అందుకే మధ్యాహ్నానికి సముద్రపు గాలి మొదలై ఒడ్డు చల్లబడుతుంది, కొన్నిచోట్ల పొగమంచు కూడా కమ్ముతుంది. అదే రోజు, అదే వేళకు లోపలి లోయలో జనం చెమటలు కక్కుతుంటారు. ఇక కొండెక్కే కొద్దీ, సగటున కిలోమీటరు ఎత్తుకు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. ఒడ్డున ఒక డిగ్రీ అటూ ఇటూ అయితే ఎవరికీ పట్టదు. మంచు పడే ఎత్తుల్లో ఆ ఒక్క డిగ్రీయే పడేది వానో మంచో తేలుస్తుంది.

2015లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో సరిగ్గా ఇదే జరిగింది. అంతకుముందు శీతాకాలంలో వర్షపాతం దాదాపు మామూలుగానే ఉంది. చలి మాత్రం తగ్గింది. కొండల మీద మంచుగా పేరుకుని ఎండాకాలంలో కరిగి నీళ్లివ్వాల్సింది వానగా కురిసి, అప్పుడే నదుల్లో పడి సముద్రంలోకి పోయింది. మే 15న గవర్నర్ జే ఇన్‌స్లీ రాష్ట్రమంతటా కరువు ప్రకటించారు. అప్పటికి కొండల మీద మిగిలిన మంచు సగటులో 16 శాతం. వర్షపాతం మ్యాపు ఒక్కటే చూసినవాడికి ఈ కరువు ఎక్కడా కనపడదు.

అందుకే కొండ ప్రాంతాల వసంతం గురించి రాసేటప్పుడు, ఇప్పటికే పైన ఎంత మంచు ఉందన్నది అన్నిటికంటే ముందు రావాలి. లోతు కొలిస్తే సరిపోదు, అది కరిగితే ఎన్ని నీళ్లవుతాయో చెప్పాలి. అంచనాల మధ్య చేతికి దొరికే గట్టి కొలత అదొక్కటే. ఇది కొత్త తెలివేమీ కాదు. మన దేశంలో వాతావరణ శాఖకు తొలి అధిపతిగా ఉన్న హెచ్.ఎఫ్. బ్లాన్‌ఫర్డ్ 1886లోనే హిమాలయాల మంచును చూసి రాబోయే వానల అంచనా ఇచ్చారు. మీ కథనంలో మంచు అన్న మాటే లేదు!

వానల విషయంలోనూ అంతే. గాలికి ఎదురుగా ఉన్న వాలు మీద మబ్బు పైకి లేచి కురుస్తుంది, అవతలి వైపు వాన అంతగా అందని వర్షచ్ఛాయ. అదే వాషింగ్టన్‌లో ఒలింపిక్ పర్వతాలకు పడమర ఉన్న హో అడవిలో ఏడాదికి సుమారు 3,500 మిల్లీమీటర్లు కురిస్తే, ఈశాన్యాన సీక్విమ్ పట్టణంలో సుమారు 400. రెంటి మధ్య దూరం వంద కిలోమీటర్లు కూడా ఉండదు. ఇలాంటి చోట ‘వానలు మామూలే’ అని ఒక్క ముక్కలో ఎవరికి చెబుతున్నట్టు?

తప్పంతా మీ మీద తోయడం లేదు. యూరప్ వాతావరణ కేంద్రం 2017లో మొదలుపెట్టిన సీస్-5 అనే కంప్యూటర్ నమూనానే చూడండి, అది భూమిని సుమారు 36 కిలోమీటర్ల చదరాలుగా కోసి లెక్క వేస్తుంది. హో నుంచి సీక్విమ్‌కు రెండు మూడు చదరాలకు మించి పట్టవు. శిఖరం, లోయ, ఒడ్డు ఒకే చదరంలో కలిసిపోతే ఆ నమూనా మాత్రం ఏం చేస్తుంది? పైగా పసిఫిక్ సముద్రపు నీళ్లు మామూలు కంటే వేడెక్కే ఎల్ నినో, చల్లబడే లా నినాల పోకడ వసంతంలోనే పట్టుకోవడం కష్టం. ఆ సమయంలో ఇచ్చే అంచనాలు మిగతా నెలల కంటే బలహీనమని శాస్త్రవేత్తలే ఒప్పుకుంటారు. వాళ్లు ‘మొగ్గు’ అన్నదాన్ని శీర్షికకు ఎక్కేసరికి ‘తథ్యం’ చేయకండి అంటున్నాను, అంతే.

ఇకమీదట శీర్షిక కిందే ఆ శాతం వేయండి. ఒడ్డుకు ఒక వాక్యం, లోయకు ఒకటి, కొండకు ఒకటి రాయండి. ఎక్కువ చోటు అక్కర్లేదు, ఆ నారింజ మ్యాపును కాస్త చిన్నది చేస్తే చాలు. సీజన్ అయిపోయాక, చెప్పిందేమిటో జరిగిందేమిటో పక్కపక్కన వేయండి. 45 శాతం అన్నది ఒక్క ఏడాదితో తప్పో ఒప్పో తేలదు కాబట్టి, ఏటా వేస్తూ పోవాలి. ఈసారి కథనాన్ని కత్తిరించి డైరీలో పెట్టుకున్నాను. జూన్‌లో మీరు వేయకపోతే నేనే లెక్క రాసి పంపిస్తాను.

ఇట్లు,
మీ పాఠకుడు