కృష్ణమ్మ ఎలా ఉందండీ

అమ్మడూ,

ఎలా ఉన్నావు? ఈమధ్య ఫోన్ ఎత్తడం లేదు, మెసేజ్ పెడితే బొటనవేలు బొమ్మ ఒకటి పెట్టి ఊరుకుంటున్నావు. ఇక్కడ అంతా బాగానే ఉన్నాం, మీ అమ్మకి బీపీ మాత్ర మార్చారు, కంగారేం లేదు. మొన్న గాజువాకలో బుజ్జిగాడు కనిపించి నువ్వు ఉద్యోగం మానేస్తున్నావన్నాడు. వాడి మాటలు నేను పట్టించుకోను. నిజమేనా?

నువ్వు మొదట్నుంచీ చూసుకున్న పనిని వేరే టీంకి ఇచ్చేసి, దాని పేరు కూడా మార్చేశారట. అడిగితే "జీతం పెంచాంగా" అన్నారట. విని నాకూ మనసు చివుక్కుమంది. అత్త గృహప్రవేశానికి కూడా ఆ కంపెనీ టీషర్టే వేసుకొచ్చినదానివి నువ్వు.

మా స్టీల్ ప్లాంటులో ఖనిజాన్ని కరిగించి ఇనుము తీసే బ్లాస్ట్ ఫర్నేసులకి ఒకటోది గోదావరి, రెండోది కృష్ణ అని పేర్లు, 2012లో మూడోది అన్నపూర్ణ వచ్చింది. నేను చేరిన కొత్తలో మా షిఫ్టులో ఒక పెద్దాయన ఉండేవారు, నీకు తాటితాండ్ర తెచ్చే తాతయ్యే. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అంటూ 1966లో రోడ్డెక్కిన మనిషి, 32 మంది ప్రాణాలు పోయిన ఉద్యమం అది. షిఫ్టు మారేటప్పుడు ఎవరైనా కుర్ర ఇంజనీరు "నంబర్ టూ ఎలా ఉంది" అంటే ఆయన వినబడనట్టు గ్లవ్స్ దులుపుకునేవారు. "కృష్ణమ్మ ఎలా ఉందండీ" అంటే మాత్రం లోపలికి పోయే గాలి వేడి ఎంతుంది, ఇనుము మీద తేలే మడ్డి, అదే స్లాగ్, ఎలా జారుతోంది, కరిగిన ఇనుము బయటికొచ్చే ట్యాప్‌హోల్ మూయడానికి మట్టి ఎంత పట్టింది, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేవారు. డ్యూటీ అయిపోయినా, ఎవరూ చెప్పకపోయినా, ఆ ఇనుము పారే కాలవ, రన్నర్ అంచున ఇసుక పారతో సర్దిగానీ కదిలేవారు కాదు, ఆయన కోసం ఆగి బస్సు పోయి ఇద్దరం గేటుదాకా నడిచిన రోజులున్నాయి. దానికి ఓవర్‌టైం ఏమీ లేదు. 2021లో ప్లాంటుని ప్రైవేటుకి ఇచ్చేస్తామన్నప్పుడు రిటైరైన మేం కూడా వెళ్లి కూర్మన్నపాలెం నిరసన టెంటులో కూర్చున్నాం, మాకు దాంతో పైసా లాభం లేదు.

అందుకే నీ బాధ చిన్నదని నేను అనను. కానీ కోపంలో రాజీనామా ఇవ్వకు. ముందు మేనేజరుతో నోరు విప్పి మాట్లాడు, జీతం సంగతి కాదు, ఆ పని నా చేతుల్లోంచి ఎందుకు తీశారని అడుగు. అప్పటికీ కుదరకపోతే మానెయ్, నేనేం అనను. కాకపోతే ఆఫర్ లెటర్ చేతికొచ్చాకే, నోటీసు ఎన్నాళ్లో చూసుకో, పీఎఫ్ మధ్యలో తియ్యకు, రాత్రి అన్నం మానేసి కాఫీలతో గడపకు.

రామం మావయ్య శనివారం వస్తున్నాడు, కందిపొడి, నెయ్యి పంపుతున్నాం, స్టీలు డబ్బా తిరిగి పంపించు. ఆదివారం పొద్దున మీ అమ్మ గుడికెళ్లే టైంలో ఫోన్ చెయ్యి, ఉన్నదున్నట్టు నాకొక్కడికే చెబుదువుగాని.

మీ నాన్న