జాలీ చిల్లుకూ ఓ లెక్కుంది

సంపాదకులకు,

ఇళ్ల ముందు బిగించే రేకు జాలీల గురించి మీ ఆదివారం పేజీలో వచ్చిన కథనం చదివాం. ‘పారామెట్రిక్ డిజైన్’ అంటే చిల్లులు ఒకచోట పెద్దవి, ఒకచోట చిన్నవి ఉండటమేనన్నట్టు రాశారు. నిజానికి అది కొలతలను ఒక లెక్కకు కట్టి గీసే పద్ధతి. విజయనగరంలో ఇప్పటికే కేటలాగులో బొమ్మ చూపించి ‘అచ్చం ఇలాగే కోసిపెట్టండి’ అంటున్నారు. చిల్లు ఎక్కడ పెద్దది కావాలో తేల్చాల్సింది ఆ జాలీ వెనక కూర్చునే మనిషి. కేటలాగుకు ఆ మనిషి సంగతేం తెలుసు?

పద్ధతి చుక్కల ముగ్గు లాంటిదే. ముందు వరుసగా చుక్కలు పెడతాం. తర్వాత ఒకచోట దీపం ఉందనుకుని, ప్రతి చుక్కకూ అది ఎంత దూరమో కొలిచి, ఆ దూరాన్ని బట్టి చిల్లు సైజు మారుస్తాం. ఆ దీపమే అట్రాక్టర్ పాయింట్.

పడమటి బాల్కనీకి 6 మీటర్ల వెడల్పు, 2.4 మీటర్ల ఎత్తు జాలీ అనుకోండి. 150 మి.మీ. గడులు వేస్తే అడ్డంగా 40, నిలువుగా 16, మొత్తం 640. నాలుగడుగుల ఎనిమిదడుగుల రేకును 1200కి 2400గా కోసుకుంటే సరిగ్గా అయిదు రేకులు, ఒక్క గడి కూడా రెండు ముక్కలవదు. గ్రాస్‌హాపర్ (రైనో అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటి లెక్కలు కట్టే భాగం)లో డివైడ్ డొమైన్, ఐసోట్రిమ్ అనే కమాండ్లతో గడులు విడదీసి, ఏరియా కమాండ్‌తో ప్రతి గడి నడిమి పాయింటు తీసుకోవాలి. కుర్చీలో కూర్చున్నవారి కంటి ఎత్తు, అంటే నేల నుంచి సుమారు 1200 మి.మీ. దగ్గర అట్రాక్టర్ పెట్టి దూరాలు కొలవాలి. వాటిని రీమ్యాప్ నంబర్స్ అనే కమాండ్‌తో 110 నుంచి 30 మి.మీ. వ్యాసాలుగా మార్చాలి. కంటికి ఎదురుగా 110, దూరం పోయేకొద్దీ 30. సర్కిల్ కమాండ్ అడిగేది వ్యాసార్ధం కాబట్టి సగం చేయడం మరిచిపోతే 150 గడిలో 220 చిల్లు పడి రేకు జల్లెడ కూడా కాదు, ముక్కలవుతుంది.

అసలు తప్పు జరిగేది రీమ్యాప్ దగ్గరే. సోర్స్, అంటే దూరాలు ఎంత నుంచి ఎంత దాకా అన్నది, ఖాళీగా వదిలేస్తే అది 0 నుంచి 1 అనుకుంటుంది. అప్పుడు 2000 మి.మీ. దూరంలోని గడికి సైజు మైనస్ లక్షా 60 వేలకు చేరుతుంది. అందుకే దూరాల్లో అన్నిటికన్నా చిన్నదీ పెద్దదీ తనే వెతికిపెట్టే బౌండ్స్‌ను తగిలించమని ప్రతి పాఠంలోనూ చెబుతారు. స్క్రీన్ మీద దాంతో సరిపోతుంది. షాపులో సరిపోదు. బౌండ్స్ అన్నిటికన్నా దూరపు గడిని చూసి కొలత పెట్టుకుంటుంది. ఇంటాయన మధ్యలో ‘ఇంకో రేకు పొడిగించండి’ అన్నాడంటే ఆ దూరపు గడి మారుతుంది, దానితో పాటు మొదటి అయిదు రేకుల మీది చిల్లులన్నీ మారిపోతాయి. అప్పటికి రెండు రేకులు కోసేసి ఉంటే వాటికీ కొత్తవాటికీ అతకదు. కాబట్టి సోర్స్ చేత్తో రాయాలి, 0 నుంచి 2500 అని. ఆపైన క్లిప్ప్‌డ్ అవుట్‌పుట్ వాడితే 2500 దాటినవన్నీ 30 దగ్గరే ఆగుతాయి.

ఇద్దరు కూర్చునేచోట రెండు పాయింట్లు పెడతారు. గ్రాఫ్ట్ చేయకుండా, అంటే ప్రతి గడినీ విడి జాబితాగా చేయకుండా కలిపితే మొదటి గడికి మొదటి పాయింటు, మిగతా 639 గడులకూ రెండోదే అంటుకుంటాయి. ఎర్రర్ ఏదీ చూపించదు, బొమ్మ కూడా బాగానే కనిపిస్తుంది. అదే దాంతో చిక్కు. గడులను గ్రాఫ్ట్ చేసి, ఒక్కోదానికి వచ్చిన రెండు దూరాల్లో చిన్నది తీసుకోవాలి.

మెట్ల పక్క జాలీకి పాయింటు పనికిరాదు, ఎక్కే మనిషి కన్ను ఒకచోట నిలవదు కదా. అక్కడ మెట్ల వాలుకు 1500 మి.మీ. పైన ఒక కర్వ్ గీసి, కర్వ్ క్లోజెస్ట్ పాయింట్‌తో దూరం తీయాలి.

‘సూర్యుణ్ని అట్రాక్టర్‌గా పెట్టాం’ అని కొందరు చెబుతుంటారు. మార్చి, అక్టోబరుల్లో అరసవల్లి స్వామి పాదాలు తాకే కిరణాల జిల్లాల్లో ఆ మాట వినసొంపుగానే ఉంటుంది. కానీ పాయింటును కిలోమీటరు అవతల పెడితే 6 మీటర్ల గోడ మీద దూరాల్లో తేడా ఆరున్నర మీటర్లు మించదు. ఆ కాస్త తేడాను బౌండ్స్ 110 నుంచి 30 దాకా సాగదీస్తుంది. చదును గోడ మీద ఎండ అంతటా ఒకటే, కాబట్టి ఆ చిల్లుల తేడాకు అర్థం లేదు. వంపు సర్‌ఫేస్ అయితేనే, అక్కడి నార్మల్ (సర్‌ఫేస్‌కు లంబంగా ఉండే గీత)కూ ఎండ దిశకూ మధ్య కోణం తీసుకోవడం సబబు.

ఇక రేకు సంగతి. 2 మి.మీ. ఇనుప రేకు చదరపు మీటరుకు 15.7 కిలోలు, మన జాలీకి చిల్లులు తియ్యక ముందు 226 కిలోలు. వెనక ఆనించే 50 మి.మీ. ట్యూబు రెండు రేకుల జాయింట్ మీదకి వస్తే రెండు పక్కలా 25 మి.మీ. కప్పేస్తుంది. 110 చిల్లు రేకు అంచుకు 20 మి.మీ.లోనే మొదలవుతుంది కనుక జాయింట్ పక్క వరుసల్లో 90 దాటనివ్వకూడదు. సైజులను 5 మి.మీ.కు సవరిస్తే 640 చిల్లులూ 17 రకాల్లోకి వస్తాయి, తనిఖీ సులువు. ఒకదానిమీద ఒకటి పడిన గీతలను కటింగ్‌కు ముందే రైనోలోని సెల్‌డప్ కమాండ్‌తో పట్టుకోవాలి, లేకపోతే లేజర్ అదే చిల్లును రెండుసార్లు కోస్తుంది. పౌడర్ కోటింగ్ కోశాకే. ముందే రంగేసిన రేకు కోస్తే, ఉప్పుగాలికి చిల్లుల అంచులే మొదట తుప్పు పడతాయి.

110 చిల్లు ఉన్న గడిలో 42 శాతం ఖాళీ, 30 ఉన్నచోట 3 శాతమే. అంటే జాలీలో దూరపు భాగం గాలికి దాదాపు గోడే. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ చూసిన ఊళ్లలో యాంకర్ బోల్టులు అంతటా ఒకే ఎడంలో కొట్టడం పొరపాటు. చిన్న చిల్లుల వైపు దగ్గర దగ్గరగా పడాలి. ఎంత దగ్గరో స్ట్రక్చరల్ ఇంజినీరు లెక్కకట్టాలి.

ఇకపై ఇలాంటి జాలీ ఫోటో వేసినప్పుడు కింద నాలుగు అంకెలు కూడా వేయండి: గడి కొలత, పెద్ద చిల్లు, చిన్న చిల్లు, రేకు మందం. అట్రాక్టర్ ఎక్కడ పెట్టారో ఒక్క ముక్కలో చెబితే మరీ మంచిది.

– ఫ్యాబ్రికేషన్ డ్రాయింగులు గీసేవాళ్లం, కంటోన్మెంట్, విజయనగరం